మెట్ల దగ్గర ఆగిపోయిన కవరు

శ్రోతలకు నమస్కారం.

మన వీధిలో సిమెంటు రోడ్డు వేసేటప్పుడు ఇసుక కనిపిస్తుంది, కంకర కనిపిస్తుంది, గిరగిరా తిరిగే మిక్సరు కనిపిస్తుంది. ఆ పని ఎవరికి దక్కింది, ఏ ధరకు దక్కింది, ఎంతమంది పోటీపడితే దక్కింది అన్నది మాత్రం కనిపించదు. రెండు వానలకే రోడ్డు పెచ్చులూడితే మేస్త్రీని తిడతాం, కాంట్రాక్టరును తిడతాం. అయితే ఆ రోడ్డు ఎన్నాళ్లు మన్నుతుందన్న సంగతిలో సగభాగం, కంకర లారీ వీధిలోకి రావడానికి ఎన్నో వారాల ముందే, మునిసిపల్ కార్యాలయంలో టెండరు పిలిచిన నాడే తేలిపోయి ఉంటుంది. మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసినవాణ్ణి కనుక ఆ తేలిపోవడాన్ని దగ్గర నుంచి చూశాను. పట్టణ పాలక సంస్థలు పనులు అప్పగించే పద్ధతిని కంప్యూటరు సాయంతో బాగుచేయాలని మన దగ్గర జరిగిన ఒక పెద్ద ప్రయత్నం గురించి, అందులో ఒక మనిషికి ఎదురైన అనుభవం గురించి ఈ రోజు చెబుతాను.

ఆయన పేరు చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. సివిల్ డిప్లొమా చదివి, పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర కొన్నేళ్లు సూపర్‌వైజరుగా చేసి, సొంతంగా లైసెన్సు తీసుకున్న కుర్రవాడు. అది 2003కు ముందు మాట. మా మునిసిపాలిటీలో 14 లక్షల రూపాయల అంచనాతో ఒక మురుగు కాలువ పనికి టెండరు పిలిచాం. ఆ రోజుల్లో టెండరు వేయాలంటే ముందు కార్యాలయానికి వచ్చి, డబ్బు కట్టి, షెడ్యూలు, అంటే టెండరు పత్రం, కొనుక్కోవాలి. కొన్నవారి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. ఆ రిజిస్టరులో ఏ పేర్లున్నాయో సాయంత్రానికల్లా ఊళ్లో కాంట్రాక్టర్లందరికీ తెలిసిపోయేది. తెలిసిన తర్వాత వాళ్లంతా ఒకచోట కూర్చుని, ఈ పని ఎవరిది, మిగిలినవాళ్లకు ఏమిటి అని మాట్లాడుకునేవారు. దాన్నే రింగు అనేవారు. ఈ కుర్రవాడు ఆ రింగులో లేడు.

టెండరు పెట్టె మా కార్యాలయం మేడమీద ఉండేది. ఇనుప పెట్టె, పైన కవరు పట్టేంత సందు, ముందు తాళం, ఆ తాళానికి గుడ్డ చుట్టి లక్క ముద్ర. మధ్యాహ్నం సరిగ్గా 3 గంటలకు ముద్ర పగలగొట్టి తెరవాలి. ఆ కుర్రవాడు 2.30కే వచ్చాడు. కవరును చొక్కా లోపల పెట్టుకుని వచ్చాడు. మెట్ల దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, గట్టిగా ఒక్క మాటైనా అనలేదు. భుజం మీద చెయ్యి వేసి, "రా తమ్ముడూ, టీ తాగుదాం" అని ఎదురుగా ఉన్న హోటల్లోకి తీసుకువెళ్లి, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు కూర్చున్నారు. 3 గంటలు దాటాక లేవనిచ్చారు. అతను మేడెక్కి మా గది గుమ్మం దగ్గరకు వచ్చేసరికి పెట్టె తెరిచి కవర్లు చదువుతున్నాం. అతని చేతిలోని కవరు చెమటకు తడిసి, అంటించిన చోట విచ్చుకుపోయి ఉంది. "నా కవరు తీసుకుంటారా అండీ?" అని అడిగాడు. తీసుకోవడానికి నాకు అధికారం లేదు. గడువు దాటింది.

ఆ రోజు పెట్టెలో మూడే కవర్లున్నాయి. మూడూ అంచనా కంటే ఎక్కువకు వేసినవే. అన్నిటికంటే తక్కువది 4 శాతం ఎక్సెస్. ఆ కుర్రవాడు వేసింది 12 శాతం లెస్ అని తర్వాత అతనే చెప్పాడు. లెక్క చూడండి. 14 లక్షల మీద ఆ రెండింటికీ తేడా 2,24,000 రూపాయలు. పన్ను కట్టినవారి డబ్బు ఒక టీ హోటల్ బల్ల దగ్గర అరగంటలో పోయింది. ఆ తడిసిన కవరును నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఇక కంప్యూటరు సంగతి. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటర్నెట్లో టెండర్లు నడిపే ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికను మొదలుపెట్టింది. మొదట కొన్ని పెద్ద ఇంజనీరింగ్ శాఖలు, 10 లక్షలు దాటిన పనులు. ఆ తర్వాత మునిసిపాలిటీలు, కార్పొరేషన్లు. సాఫ్ట్‌వేరు తయారుచేసి నడిపే బాధ్యతను ఒక ప్రైవేటు భాగస్వామికి ఇచ్చి, దాని ఖర్చు లావాదేవీల రుసుము రూపంలో రాబట్టే ఏర్పాటు చేశారు. అదే ఏడాది జూలైలో వచ్చిన 94వ నంబరు జీవోతో టెండరు నిబంధనలనూ సవరించారు. అంచనా మీద 5 శాతానికి మించి ఎక్సెస్ ఒప్పుకోకూడదు. 25 శాతానికి మించి లెస్ వేస్తే ఆ పైన తేడాకు అదనపు హామీ కట్టాలి. మూడు నాలుగు నెలలు పట్టే టెండరు ప్రక్రియ క్రమంగా 35 రోజుల వరకు తగ్గింది. ఇది చిన్న విజయమని నేను అనను. యంత్రం వచ్చిన ఏడాదే నిబంధనలనూ మార్చినవారి దూరదృష్టికి నా గౌరవం ఎప్పటికీ ఉంటుంది.

మా పట్టణానికి కూడా ఆ పద్ధతి వచ్చింది. షెడ్యూలు కొనడానికి కార్యాలయానికి రానక్కర్లేదు, ఇంటర్నెట్లో దించుకోవచ్చు. ఎవరు దించుకున్నారో రిజిస్టరులో కనబడదు. ధరను డిజిటల్ సంతకంతో ఇంటి నుంచే వేయవచ్చు. ఇనుప పెట్టెను స్టోరు గదిలో పడేశాం. ఆ కుర్రవాడు మళ్లీ టెండరు వేశాడు, ఈసారి ఒక సిమెంటు రోడ్డుకు. బిడ్లు వేసే గడువు ముగిసింది, ధరలు సిస్టంలో భద్రంగా ఉన్నాయి, ఎవరు ఎంత వేశారో నాతో సహా ఎవరికీ తెలియదు. ఇక అంతా సవ్యంగా జరిగిపోతుందని నేను నమ్మాను.

కానీ ఒక కాగితం మిగిలిపోయింది. ధరావతు సొమ్ముకు తీసిన డీడీ అసలు ప్రతిని, సర్టిఫికెట్ల ప్రతులను, ధరలు తెరవడానికి ముందే ప్రతి బిడ్డరూ కార్యాలయానికి తెచ్చి ఇవ్వాలి. ఆ అసలు ప్రతి అందకపోతే బిడ్డు చెల్లదు. ధర కంప్యూటరులో ఎంత భద్రంగా ఉన్నా సరే, చెల్లదు. అంటే ధరను అడ్డుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆ కాగితాన్ని అడ్డుకుంటే చాలు. కాగితం ఎక్కడికి రావాలి? మా కార్యాలయానికే. ఏ దారిన రావాలి? ఆ మెట్ల మీదుగానే.

అతను డీడీ కవరు పట్టుకుని వచ్చిన రోజు నేను కిటికీలోంచి చూశాను. మెట్ల దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. మునుపటి నలుగురిలో వాళ్లిద్దరూ ఉన్నారు. నేను కిందికి దిగి, అతన్ని వెంటబెట్టుకుని పైకి తీసుకువచ్చాను కనుక ఆ రోజు ఆ కవరు అందింది. అయితే అది నా పని కాదు. ఒక ఇంజనీరు మెట్లు దిగి వస్తే తప్ప నిలబడని పద్ధతి పద్ధతే కాదు. నేను సెలవులో ఉన్న రోజు ఏమి జరుగుతుంది? నేను బదిలీ అయిన తర్వాత ఏమి జరుగుతుంది?

ఆ లోపాన్ని సరిదిద్దింది 2008 సెప్టెంబరు 1వ తేదీన నీటిపారుదల శాఖ ఇచ్చిన 174వ నంబరు జీవో. అందులోని మాట చాలా సూటిగా ఉంటుంది. డీడీని, బ్యాంకు గ్యారంటీని, సర్టిఫికెట్లను బిడ్డర్లు స్కాన్ చేసి సిస్టంలోకి ఎక్కించాలి. సాంకేతిక పరిశీలన వాటి ఆధారంగానే జరగాలి. అసలు ప్రతులను పని దక్కినవారు మాత్రమే తెచ్చి చూపాలి. తేకపోయినా, చూపినవాటికీ ఎక్కించినవాటికీ తేడా ఉన్నా 3 సంవత్సరాల పాటు ఆ వేదిక మీద టెండర్లు వేయకుండా సస్పెండు చేస్తారు. అంతే. ఆ జీవో అమలైన నాటి నుంచి మా మెట్ల దగ్గర నిలబడేవారికి అక్కడ పని లేకుండా పోయింది. బిడ్లు వేసే గడువు ముగిసేదాకా పోటీలో ఎవరున్నారో తెలుసుకునే దారి కార్యాలయంలో లేదు.

2003 జనవరి నుంచి 2008 సెప్టెంబరు దాకా, అయిదున్నర సంవత్సరాలకు పైనే. ఆ అయిదున్నర సంవత్సరాలూ సర్వరు నడిచింది, సాఫ్ట్‌వేరు నడిచింది, డిజిటల్ సంతకాలు చెల్లాయి. మిగిలిపోయిన ఒక్క కాగితం ఎక్కడ నడుస్తోందో, ఎవరి కళ్ల ముందు నుంచి నడుస్తోందో పట్టించుకోవడానికి అంతకాలం పట్టింది.

ఇలాంటిదే మరొకటి చెప్పాలి. మొదటి రోజుల్లో చాలామంది కాంట్రాక్టర్లకు కంప్యూటరు వాడడం తెలియదు. వాళ్లు తమ డిజిటల్ కీని, పాస్‌వర్డును ఇంటర్నెట్ సెంటరు కుర్రవాడి చేతిలో పెట్టి, ధర కూడా చీటీ మీద రాసి ఇచ్చేవారు. మా పట్టణంలో అలాంటి సెంటరు ఒక్కటే ఉండేది. ఒకే పనికి పోటీపడే అయిదుగురి ధరలు ఒకే బల్ల మీద, ఒకే పేపర్‌వెయిట్ కింద ఉన్నాయంటే ఆ రహస్యం ఎంతసేపు నిలుస్తుంది? ఆ సెంటరు కుర్రవాడు మంచివాడే. కానీ ఆ బల్ల ముందు పది మంది కూర్చుంటారు. ఇది తెలిశాక మా కార్యాలయంలో రెండు శనివారాలు కాంట్రాక్టర్లందరినీ పిలిచి, ఎవరి బిడ్డు వాళ్లే వేసుకోవడం నేర్పించాం. అరవై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన మొదటిసారి తన సంతకం తానే ఎక్కించుకుని, తెర మీద వచ్చిన రసీదును రెండుసార్లు చదివించుకున్నారు. సాఫ్ట్‌వేరుకు కోట్లు కేటాయించే ప్రాజెక్టుల్లో ఇలాంటి శనివారాలకు కూడా పద్దు ఉండాలని నా అభిప్రాయం.

టెండరు దాకా బాగుపడింది. మరి టెండరు తర్వాత? పని జరిగిన కొద్దీ కొలతలు ఎం-బుక్కులో రాయాలి, దాన్ని పై అధికారి సరిచూడాలి, బిల్లు కావాలి, సొమ్ము రావాలి. బిల్లు ఏ నెలలో వస్తుందో తెలియని పనికి నిజాయితీగా తక్కువ ధర వేయడానికి చిన్న కాంట్రాక్టరు భయపడతాడు. అప్పు మీద వడ్డీని కూడా ముందే ధరలో కలుపుకుంటాడు. కనుక చెల్లింపులు ఆలస్యమయ్యే పట్టణంలో ఎంత మంచి టెండరు వేదిక పెట్టినా పోటీ పెరగదు. దీని గురించి ఎంతైనా చెప్పవచ్చు కానీ, ఈ రోజు ఉన్న సమయంలో ఒక్క ఆచరణ విషయం మీదే నిలబడతాను.

ఇప్పుడు చాలా పట్టణాల్లో బిల్లులకు, కొలతలకు, ఒప్పందాలకు కొత్త సాఫ్ట్‌వేర్లు తెప్పిస్తున్నారు. ఆ బాధ్యత మీద పడిన కమిషనరు గారికి గానీ, ఇంజనీరు గారికి గానీ నా విన్నపం ఇది. కంపెనీలను పిలవడానికి ముందు, నిరుడు పూర్తయిన ఒక చిన్న పని ఫైలు తీయండి. నియమావళిలో ఉన్న దారి చూడవద్దు. ఆ ఫైలు నిజంగా నడిచిన దారి చూడండి. దానికి మీకు తోడు కావలసింది మీ కార్యాలయంలోని అటెండరు. మేము ఒకసారి ఈ పని చేసినప్పుడు మా అటెండరు ఒక కాలువ పని బిల్లు ఏ బల్ల నుంచి ఏ బల్లకు వెళ్లిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. 17 బల్లలు. అంచనా తయారుచేసిన నా లెక్కలో 9 ఉన్నాయి. మిగిలిన 8 బల్లల సంగతి నాకు తెలియదు. ఫైలును చంకలో పెట్టుకుని తిరిగిన మనిషికి తెలుసు. "ఇక్కడ కాంట్రాక్టరు గారు వచ్చి నిలబడితేగానీ కదలదండీ" అని అతను మూడు బల్లలు చూపించాడు.

ఆ మూడు బల్లలనే కాగితం మీద రాసుకోండి. ప్రతి బల్ల దగ్గరా ఫైలు ఏ తేదీన వచ్చిందో, ఏ తేదీన కదిలిందో రాయండి. ఎవరు స్వయంగా రావలసి వచ్చిందో, ఏ కాగితం చేతిలో పట్టుకుని వచ్చారో రాయండి. ఆ కాగితం లేకపోతే నిజంగా ఏమి ఆగిపోతుందో ఆ బల్ల దగ్గర కూర్చున్నవారినే అడిగి రాయండి. కొత్త సాఫ్ట్‌వేరు కోసం మీరు పిలిచే టెండరు పత్రానికి దాన్ని మొదటి పేజీగా జతచేయండి. పని అప్పగించిన ఆరు నెలల తర్వాత అదే అటెండరును పిలిచి, ఆ పేజీలోని మూడు బల్లల దగ్గరకు ఇంకా ఎవరైనా వచ్చి నిలబడుతున్నారేమో అడగండి. నిలబడుతున్నారని అతను చెబితే, ఆ కంపెనీకి ఆఖరి వాయిదా బిల్లు మీద సంతకం పెట్టకండి.

నమస్కారం.