బొట్టుబిళ్ళ కింద తెల్లమచ్చ
(బరంపురంలో తెలుగు మహిళల సమావేశంలో మాట్లాడింది)

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ అవి చదివితే నా పావుగంట అందులోనే పోద్ది, కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. ఫేస్ క్రీముల గురించి చెప్పమన్నారు, చెప్తాను, ముందు బొట్టుబిళ్ళ సంగతి.

మా చెల్లెలి కూతురు కాలేజీ రోజుల్నుంచీ స్టిక్కరే పెడతది, రోజూ అదే చోట, రాత్రి పడుకున్నా తియ్యదు. ముందు దురద, తర్వాత ఎరుపు, ఆనక రూపాయి కాసంత తెల్లమచ్చ. ఇచ్ఛాపురం నుంచి పెళ్ళిచూపులకి వచ్చినోళ్ళు కాఫీ తాగి నుదురు చూసి "బొల్లి" అని లేచెళ్ళిపోయారు. మన వీధంతా అదే మాట. అన్నోళ్ళు ఈ హాల్లో కూడా ఉన్నారు, తల దించుకోకండమ్మా, వినండి.

కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అని ఒక కెమికల్ ఉంటది, అది కొందరికి చర్మంలో రంగు తయారుచేసే కణాల్నే చంపేస్తది, అందుకే మచ్చ సరిగ్గా బిళ్ళ అంటించిన చోటే మొదలవుద్ది. స్కిన్ డాక్టర్ దగ్గరకెళ్తే ప్యాచ్ టెస్ట్ చేస్తారు, అనుమానం ఉన్నది వీపు మీద అంటించి 48 గంటలుంచి చూస్తారు, ఒకట్రెండు రోజులాగి మళ్ళీ చూస్తారు. తొందరగా మానేస్తే రంగు తిరిగొచ్చే అవకాశం ఉంది, అందరికీ రాదు. మా పిల్లకి చాలావరకు నిండింది, అంచున కొంచెం ఉండిపోయింది. అసలు నిజం బొల్లి అయినా ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, మరి లేచెళ్ళిపోవడం ఏటి? దాని మీద ఇంకో రోజు కొట్లాడతాను.

మార్గశిర లక్ష్మివారాలకి ఒడియా వాళ్ళతో పాటు మనమూ పాదాలకి ఎర్రటి అల్తా పెడతాం కదా, అందులోని రంగు ఒంటికి పడక పాదాలు అల్తా గీత వెంబడే తెల్లబడిన కేసులూ ఉన్నాయి. దురద పెట్టగానే కడిగెయ్యండి, పండగని ఓర్చుకోకండి.

తలరంగు... పీపీడీ అని జుట్టుకి రంగు పట్టించే కెమికల్ ఒకటుంది, అది ఉన్న డబ్బా మీద ముందు టెస్ట్ చేసుకోమని, కనుబొమలకి వాడొద్దని హెచ్చరిక రాసే ఉంటది, చదివేవాళ్ళేరీ? దద్దుర్లు ఒకోసారి రెండో రోజుకి గానీ రావు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు, క్రీములు మిగిలిపోయాయి. ఒక్క ముక్క: ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అవి స్టీరాయిడ్లు, తెల్లబడతామని ముఖానికి రాస్తే చర్మం పలచబడి మొటిమలు లేస్తాయి, మానేస్తే మంటెత్తుద్ది. 2018 నుంచి ఇలాంటివి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా కౌంటర్లో అడిగితే ఇచ్చేస్తున్నారు. ట్యూబులు తెచ్చుకున్నోళ్ళు స్టేజీ పక్కకి రండి, టీ తాగుతూ పేర్లు చదివి చెప్తాను.