గా సచ్చినోని తల్లి ఏడున్నదే?

(నల్లగొండలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న టీచరమ్మలకు, వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకు నమస్కారం. ఇంకా చాలామంది పేర్లు చెప్పాలి. కానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలు. నేరుగా విషయానికి వస్తాను.

ఈ మధ్య చదివిన పుస్తకాల మీద మాట్లాడండమ్మా అని ఫోన్ చేశారు. ప్రేమ నవలలు, క్రైమ్ నవలలు అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "ఏదైనా మంచి పుస్తకమైతే..." అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. కొన్నేళ్ల కింద ఒక లైబ్రరీలో, ఏ ఊరో చెప్పను, పాత నవలలను గోనె సంచుల్లో కుక్కి కిలోల లెక్కన అమ్ముతుంటే కళ్లారా చూశాను. అన్నీ కాలక్షేపం పుస్తకాలేనట, అరలు ఖాళీ చెయ్యాలట. ఒకటి తీసి చూస్తే పేజీల మూలలకు పసుపు మరకలున్నాయి. పొయ్యి మీద కూర పెట్టి చదువుకున్న చేతులవి. 1922లోనే నీలగిరి పత్రికను అచ్చేసుకున్న ఊరు మనది. చదివే మనుషులను చిన్నచూపు చూడటం ఈ గడ్డకు తగదు.

సరే, ఈ మధ్య చదివినవి. ఒక ప్రేమ నవల 300 పేజీలకు పైనే. అబ్బాయికి గచ్చిబౌలిలో కంపెనీ, అమ్మాయి అందులో ఉద్యోగి. ఇద్దరి మధ్యా అపార్థం. ఒక్క ఫోన్ చేసి మాట్లాడుకుంటే తీరిపోయే దాన్ని 200 పేజీలు లాగారు. దాన్నయినా ఓర్చుకున్నాను గానీ, అన్ని పేజీల్లో కులం అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. ఇంటి పేర్లు కూడా లేవు. పెళ్లితో పుస్తకం అయిపోయింది. అదే నవలలో ఒక్క చోట మాత్రం నేను ఆగిపోయాను. బస్టాండులో ఇద్దరూ కూర్చుంటారు. అతను పల్లికాయలు ఒలిచి, గింజలన్నీ ఆమె వైపు పేపరు మీదికి జరుపుతూ ఉంటాడు. ఏమీ మాట్లాడడు. బస్సు వచ్చేసరికి అతని ముందు పొట్టు, ఆమె ముందు గింజలు. ఇంత బాగా రాయగలిగిన మనిషి మిగతాదంతా అట్ల ఎందుకు రాశారని బాధనిపించింది.

ఇంక క్రైమ్ నవలల దగ్గర నాకు కోపం ఎక్కువ. నేను ఈ ఊరి కోర్టులోనే 30 ఏళ్లు టైపిస్టుగా పనిచేశాను. నవలలో ఇన్‌స్పెక్టరు రెండు దెబ్బలు వేస్తాడు, హంతకుడు ఒప్పుకుంటాడు, కథ కంచికి. అయ్యా, పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో నిలబడదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టంలో 23వ సెక్షన్ చూడండి. కథ అక్కడే మొదలవుతుంది. ఊరంతా చూసిందంటారు, బోనెక్కిన సాక్షి మాత్రం "నేనేం చూళ్లేదు సార్" అంటాడు. హాస్టైల్, అంటే సాక్షి ఎదురు తిరిగాడు అని నేను టైపు కొట్టిన కాగితాలు ఎన్నో లెక్కలేదు. ఆ సాక్షి రాత్రి ఇంటికి పోయి ఎట్ల అన్నం తింటాడో ఎవరైనా నవలగా రాశారా? ఇంగ్లిష్ క్రైమ్ నవలల రచయిత్రి ఎగథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. అందుకే 1920లో వచ్చిన తొలి నవల నుంచే విషాల సంగతి ఆమె అంత నమ్మకంగా రాయగలిగింది. మన రచయితలు ఒక్క వారం కోర్టు బెంచీ మీద కూర్చోండి. నేనే దగ్గరుండి చూపిస్తాను.

మొన్న చదివిన ఇంకో క్రైమ్ నవలలో చనిపోయిన పిల్ల చెప్పులు మోరీ పక్కన దొరుకుతాయి. ఒక చెప్పుకు తెగిన పట్టీ దగ్గర పిన్నీసు పెట్టి ఉంటుంది. ఆ పిన్నీసు నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆమెకూ ఒక బతుకుందని, కొత్త చెప్పులు వచ్చే నెల కొనుక్కుందామనుకుందని ఆ ఒక్క ముక్కతో తెలిసింది.

ఇది నాకు నేర్పింది మా వదిన. ఆమె గురించి చెప్పకుండా ఈ మైకు వదలను, పెద్దలు మన్నించాలి.

మాది పుట్టపాక. మగ్గాల ఇల్లు. మా వదిన ఆసు పోసేది. తెలియని పిల్లలకు చెప్తున్నాను, చీర నేసే ముందు దారాన్ని మధ్య పుల్లకూ, ఎదురుగా వరుసగా ఉన్న పుల్లలకూ చేత్తో చుట్టాలి. ఒక్క చీరకు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ పోవాలి. రోజుకు రెండు చీరలైతే 18 వేలు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారు చేసేదాకా మా ఆడవాళ్ల బతుకు అదే. ఆయనకు పద్మశ్రీ వచ్చిన రోజు మా వదిన తన భుజం పట్టుకుని ఏడ్చింది.

1974 ప్రాంతం. నాకు పదమూడేళ్లు. అన్న చౌటుప్పల్ పోయినప్పుడల్లా అద్దె పుస్తకాలు తెచ్చేవాడు. వదిన చేయి తిరుగుతుంటే నేను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. ప్రేమ ఘట్టం వస్తే చేయి నెమ్మదించేది, హత్య వస్తే ఉరికేది. ఒకసారి ఒక డిటెక్టివు నవల వచ్చింది. డాక్ బంగళాలో ఒకతను చచ్చిపడి ఉంటాడు, జేబులో సగం చింపిన రైలు టికెట్టు. తీరా హంతకుడు దొరికే చోట చివరి పేజీలు లేవు. ఎవరో చింపుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. వదిన చేయి ఆపకుండానే అడిగింది.

"ఎవడు సంపిండో తర్వాత సూద్దాం పిల్లా. గా సచ్చినోని తల్లి ఏడున్నదే ఈ పుస్తకంల?"

నేను వెనక్కి తిప్పి వెతికాను. ఎక్కడా లేదు. అప్పుడు వదినే చివర చెప్పింది. ఆ తల్లి బస్సు దిగి డాక్ బంగళాకు నడుచుకుంటూ వస్తది. కొడుకు అంగీ ఇయ్యుండ్రి అని అడుగుతది. పోలీసోళ్లు ఇయ్యరు. ఆమె గేటు కాడనే కూసుంటది.

పాతికేళ్ల తర్వాత, నేను కోర్టులో ఉన్నప్పుడు, ఒక ముసలామె మా కిటికీ దగ్గరికి వచ్చి కొడుకు అంగీ అడిగింది. దానికి ఎం.ఓ. నంబరు చీటీ కట్టి ఉంది, అంటే అది కేసులో సాక్ష్యంగా పెట్టిన వస్తువు. కేసు నడుస్తోంది, ఇవ్వడం కుదరదమ్మా అని చెప్పింది నేనే.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఏం జరిగిందో ఈ హాల్లో అందరికీ తెలుసు. కులం కాని పిల్లను పెళ్లి చేసుకున్నాడని ఒక అబ్బాయిని ఆసుపత్రి ముందు, కడుపుతో ఉన్న భార్య పక్కన ఉండగానే నరికారు. ఆరున్నరేళ్లకు, 2025 మార్చి 10న, మన నల్లగొండ కోర్టులో తీర్పు వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు. చెప్పండి, దాన్ని ప్రేమ కథ అంటారా, క్రైమ్ కథ అంటారా? మీ లైబ్రరీలో ఏ అరలో పెడతారు? ప్రేమ నవల పెళ్లి దగ్గర ఆగిపోతోంది. క్రైమ్ నవల శవం దగ్గర మొదలవుతోంది. ఆ రెంటి మధ్య మన జిల్లా మొత్తం ఉంది. రాసే పిల్లలు ఇక్కడెవరన్నా ఉంటే చెయ్యెత్తండి. ఉన్నారు, ఇద్దరున్నారు. ఆ మధ్యది రాయండి బిడ్డా. ఇంటి పేర్లతో, కూలి డబ్బులతో, తల్లులతో సహా రాయండి.

చీటీ వచ్చింది, ముగిస్తాను. ఒక్క మనవి. మా వదినకు ఇప్పుడు 78 ఏళ్లు. కుడి భుజం పైకి లేవదు. ఆ డాక్ బంగళా నవలలో ఆ తల్లి చివరికన్నా వచ్చిందా అని ఇప్పటికీ అడుగుతుంది. మాకు దొరికిన ప్రతికి ముందు పేజీలు కూడా లేవు, కాబట్టి పేరు తెలియదు. పాకెట్ సైజు, చచ్చినాయన జేబులో సగం రైలు టికెట్టు, బంగళా వాచ్‌మన్‌కు ఒక కన్ను కనపడదు. మీ ఇంట్లో అటక మీద ఉందేమో ఒక్కసారి చూడండి. నేను సభ అయ్యాక గేటు దగ్గర ఉంటాను.