మావయ్య చేతి శ్రుతిపెట్టె

అందరికీ నమస్కారం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు మన విజయనగరం, ఇక్కడ తంబురా గురించి నేను చెప్పేదేమీ లేదు. నేను తెచ్చింది తీగలు లేని శ్రుతి. మా మావయ్య వీపీపీలో, అంటే పోస్టుమేన్‌కి డబ్బు కట్టి తీసుకునే పద్ధతిలో, కిట్ తెప్పించుకుని, గంట స్తంభం దగ్గర తన రేడియో రిపేరు కొట్లో రాత్రిళ్లు కూర్చుని టంకం వేసుకున్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె.

అటక మీంచి దింపిన రోజే ఒక తప్పు చేశాను, మీరు చెయ్యొద్దు. మురికి పోతుందని బోర్డును థిన్నర్‌తో తుడిచాను. ఇందులో పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన కెపాసిటర్లు ఉంటాయి, గాజు గొట్టాల్లా మెరుస్తూ ఉంటాయి, స్వరం జారకుండా నిలబెట్టేవి అవే. ఒకటి నా వేలి కిందే కరిగి జిగురైపోయింది. చాలా బాధపడ్డాను.

ఏ సంవత్సరానిదో తెలుసుకుందామంటే బిల్లు లేదు. అయితే ఐసీ, అంటే చిప్, వీపు మీద 7814 అని ఉంది. అంటే 1978లో 14వ వారం, ఏప్రిల్ మొదట్లో తయారైన 555 టైమర్, స్వరం పుట్టించే చిప్ అదే. ఆ చిప్ మార్కెట్లోకి వచ్చిందే 1972లో. కాబట్టి పెట్టె 1978 ఏప్రిల్‌కి ముందుది కాదు, ఆ తర్వాత ఎప్పుడైనా కట్టి ఉండొచ్చు. పాత వస్తువు దొరికితే ముందు ఇలాంటి అంకెలు రాసుకోండి, తుడిస్తే పోతాయి.

అసలు నిధి మాత్రం కిట్‌తో వచ్చిన కాగితం. ప్రతి భాగం పక్కనా పెన్సిల్ టిక్కు. ఒక్కచోట 10కె, అంటే పది కిలో ఓమ్‌ల రెసిస్టర్, కొట్టేసి "4.7 + 5.6" అని మావయ్య రాత. బోర్డు మీద చూస్తే నిజంగానే రెండు రెసిస్టర్లు వరసగా అతికించి ఉన్నాయి, ఆ రోజు 10కె దొరకలేదేమో. కలిపితే 10.3. ఆ మూడు శాతానికే స్వరం దాదాపు అర మెట్టులో సగం దిగిపోతుంది. దాన్ని ఆయన ప్రీసెట్ అనే చిన్న మర తిప్పి సరిచేసి, మళ్లీ కదలకుండా ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టారు. అది మా అత్తయ్యదే అయ్యుంటుంది.

కాగితంలో ఉన్నట్టు 10కె వేసెయ్యమని ఒక మెకానిక్ గట్టిగా చెప్పాడు. వెయ్యలేదు. వేస్తే ఆ చుక్క పగలగొట్టాలి, అప్పుడిది కంపెనీ పెట్టె అవుతుంది, మావయ్యది కాదు. నేను కరిగించిన కెపాసిటర్ మార్చి మళ్లీ శ్రుతి చెయ్యాల్సి రావడంతో రెండో స్వరం ప్రీసెట్ మీది చుక్క ఎలాగూ పగిలింది, అది ఇక తిరిగి రాదు. ఆ కరిగిన కెపాసిటర్‌నీ, ఎండిపోయిన పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లనీ చీటీ రాసి కవర్లో దాచాను. 1000 మైక్రోఫారడ్‌లది మీటర్లో 300 కూడా చూపించలేదు, అలాంటివి మార్చక తప్పదు.

కరెంటు మాత్రం నేరుగా ఇవ్వకండి. వరసలో 60 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు పెట్టండి. అది నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే, వెంటనే ఆపెయ్యండి. మన సముద్రపు గాలికి రాగి గీతలు పచ్చబడతాయి, అందుకే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు కూడా వేస్తున్నాను.

ఇప్పుడు ఆన్ చేస్తాను. పా, సా మాత్రమే వస్తాయి. ఆ ఫ్యాన్ ఒక్క నిమిషం ఆపండి బాబూ.