రేవు పాట వేరు, టిక్కెట్టు వేరు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మిల్లుల నుంచి, రొయ్యల ప్లాంట్ల నుంచి, సహకార సంఘాల నుంచి పని మానుకుని భీమవరం వచ్చిన గుమస్తాలకు, అకౌంటెంట్లకు, కంప్యూటర్లు చూసుకునే కుర్రవాళ్ళకు నమస్కారం. కార్యాలయ నెట్‌వర్కులో సర్వరు లైసెన్సుల గురించి అరగంట మాట్లాడమన్నారు. శాలువాలకే పది నిమిషాలు పోయింది కనుక, ఇంకా పేర్లు చెప్పవలసిన పెద్దలు నన్ను మన్నించాలి. నిజానికి నేనీ ఆహ్వానాన్ని ఒప్పుకున్నది నా చొక్కా జేబులో ఉన్న ఒక ఇన్వాయిస్ నకలు కోసం. దాని దగ్గరికి వస్తాను.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు ఎక్కనివారు ఈ హాలులో ఉండరు. రేవు పాట పాడుకున్నవాడికి పంటు నడిపే హక్కు వస్తుంది. అంతమాత్రాన ఎక్కేవారికి టిక్కెట్టు అక్కర్లేకుండా పోదు. మోటారు సైకిలు ఎక్కిస్తే దానికి మళ్ళీ వేరే టిక్కెట్టు. ఆఫీసులోని మిగతా కంప్యూటర్లు ఆధారపడే పెద్ద కంప్యూటరు సర్వరు. దాన్ని నడిపే విండోస్ సర్వరు ప్రోగ్రాము లైసెన్సు అచ్చంగా ఇలాగే ఉంటుంది. సర్వరు లైసెన్సు రేవు పాట వంటిది. ఆ సర్వరును వాడుకునే ప్రతి మనిషికీ, లేదా ప్రతి పరికరానికీ ఉండవలసిన క్లయింట్ యాక్సెస్ లైసెన్సు, అంటే కాల్, టిక్కెట్టు వంటిది. దూరం నుంచి సర్వరు తెరనే తెచ్చుకుని పనిచేసే రిమోట్ డెస్క్‌టాప్‌కు కావలసిన ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) కాల్ మోటారు సైకిలు టిక్కెట్టు. మామూలు కాల్ ఉన్నా అది అదనంగా ఉండవలసిందే. మన ఖర్మ ఏమిటంటే, ఇక్కడ పాటా టిక్కెట్టూ రెండూ కట్టేది ఒక్క యజమానే. అందుకే ఆయనకు "ఒకసారి కట్టాం కదా" అనిపిస్తుంది.

రేవు పాట లెక్క కూడా అనుకున్నంత తేలిక కాదు. 2016 వెర్షను నుంచి స్టాండర్డ్, డేటాసెంటర్ రకాలకు ప్రాసెసర్లను కాక వాటిలోని కోర్లను, అంటే ప్రాసెసరులో విడివిడిగా పనిచేసే భాగాలను, లెక్కిస్తున్నారు. ఒక్కో ప్రాసెసరుకు కనీసం 8, ఒక్కో సర్వరుకు కనీసం 16 కోర్లకు కొనాలి. మీ యంత్రంలో ఆరే ఉన్నా పదహారుకు కట్టవలసిందే. కోర్లన్నిటికీ లైసెన్సు ఉంటే స్టాండర్డ్‌లో రెండు వర్చువల్ యంత్రాలు, అంటే ఒకే సర్వరులో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి, నడుపుకోవచ్చు. మూడోది కావాలంటే మళ్ళీ కోర్లన్నిటికీ కొనాలి.

ఇప్పుడు జేబులోని కాగితం. నేను కాలువ ఒడ్డున ఒక రైస్ మిల్లులో ఇరవై రెండేళ్ళు లెక్కలు చూశాను. సార్వా ధాన్యం ఒత్తిడి తగ్గాక, ఒక డిసెంబరు ఆఖరులో, కొత్త సర్వరు వచ్చింది. రెండు ప్రాసెసర్లు, ఒక్కొక్కదానిలో 12 కోర్లు. అమ్మిన డీలరు పేరు ఈ సభలో చెప్పను. కాటా గదిలోనూ, గోదాములోనూ, ఆఫీసులోనూ కూర్చున్న పద్నాలుగు మంది రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఆ ఒక్క సర్వరు మీద పనిచేసేలా అమర్చి, "ఆయ్, అన్నీ వేసేశామండి, ఇక మీరు చూసుకోనక్కర్లేదండి" అని చెప్పి వెళ్ళారు. నేనూ చూసుకోలేదు. తప్పు నాది కూడా.

నాలుగు నెలలు దివ్యంగా నడిచింది. ఏప్రిల్ ఆఖరున, దాళ్వా ధాన్యం దిగుతున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున కాటా గుమస్తా ఫోను చేశాడు. తెర మీద లైసెన్సు సర్వరు లేదని ఏదో వస్తోందని, లోపలికి పోనివ్వడం లేదని చెప్పాడు. నేను వెళ్ళేసరికి గేటు నుంచి వంతెన దాకా లారీలు నిలిచి ఉన్నాయి. అతను ఒడిలో పాత రశీదు పుస్తకం పెట్టుకుని, కార్బన్ కాగితం దొరక్క, ఒక్కో తూకాన్నీ రెండేసి సార్లు చేత్తో రాస్తున్నాడు. పద్నాలుగు మందిలో ఒక్కరికీ సర్వరు తలుపు తెరుచుకోలేదు. నిర్వహణ పని కోసం మాత్రమే ఇచ్చే రెండు దారులు మిగిలాయి.

కారణం తరువాత తెలిసింది. సర్వరులో ఆర్‌డీఎస్ సదుపాయాన్ని అమర్చాక కాల్స్ లేకుండా నడవడానికి 120 రోజుల గడువు ఉంటుంది. మా గడువు సరిగ్గా దాళ్వాలో తీరింది. డీలరు పంపిన కుర్రవాడు వచ్చి, సర్వరులో ఏదో ఒక పద్దు చెరిపేస్తే మళ్ళీ 120 రోజులు వస్తాయని మహా ఉత్సాహంగా చెప్పాడు. అది గడువు పొడిగింపు కాదు, టిక్కెట్టు లేకుండా ఇంకోసారి పంటు ఎక్కడం. వద్దన్నాను. కాల్స్ వచ్చేదాకా మూడు రోజులు చేతి రశీదులే నడిపాం.

అయితే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మూడు రోజులు కాదు. ఆ సందర్భంగా పాత కాగితాలు తిరగేస్తే, కోర్లు 24 ఉండగా లైసెన్సు పదహారుకే ఉందని, మామూలు కాల్ ఒక్కటీ లేదని బయటపడింది. ఈ రెంటికీ సర్వరు ఆగదు, హెచ్చరించదు, ఏళ్ళ తరబడి నవ్వుతూ నడుస్తుంది. అయ్యా, అమ్మా, వెనుక కూర్చున్నవారు కూడా వినాలి: మీ సర్వరు నడుస్తోంది అంటే మీకు హక్కు ఉందని కాదు. కేబినెట్టు మీద లైసెన్సు స్టిక్కరుందనీ ధీమా పడకండి. మా మిల్లులో తవుడు దుమ్ము పట్టిందని ఒకామె దాన్ని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసింది.

కాల్ మనిషికి కొనాలా, పరికరానికి కొనాలా అన్నది మీ పని తీరును బట్టి ఉంటుంది. మా కాటా గదిలో ఒకే కంప్యూటరు మీద మూడు షిఫ్టుల్లో ముగ్గురు కూర్చుంటారు. అక్కడ పరికరానికి ఒక్క కాల్ చాలు. మా యజమాని ఆఫీసు కంప్యూటరు, ల్యాప్‌టాప్, ఫోను మూడింటి నుంచీ చూస్తారు. ఆయనకు మనిషి కాల్ లాభం. అందరూ ఒకే పాస్‌వర్డుతో వెళితే ఒకటే లెక్క కదా అని అడిగేవారున్నారు. కాదు. పది మందిని ఒకే వ్యానులో ఎక్కించినా తలలు పదే. పైగా 2019 కాల్స్‌తో 2022 సర్వరును వాడకూడదు; కొత్త కాల్స్‌తో పాత సర్వరును వాడుకోవచ్చు.

ఇంకొక గందరగోళం ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరుది. గోల్డ్ లైసెన్సుకు ఒక ఆఫీసు నెట్‌వర్కులో ఎంతమందైనా వాడుకోవచ్చు కాబట్టి సర్వరుకూ అదే వర్తిస్తుందని మనవాళ్ళు అనుకుంటారు. అది ట్యాలీ లెక్క, విండోస్ లెక్క కాదు. డేటాబేసులు నడిపే ఎస్‌క్యూఎల్ సర్వరు అనే ప్రోగ్రాములో ఎక్స్‌ప్రెస్ రకం ఉచితమే, కానీ 2022 వెర్షను వరకు ఒక్కో డేటాబేసుకు 10 జీబీ హద్దు ఉంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1957 కాపీరైటు చట్టం 63బి సెక్షను ప్రకారం, కాపీరైటును ఉల్లంఘించిన నకలు అని తెలిసీ ప్రోగ్రామును కంప్యూటరులో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. "తెలిసి" అన్న మాట ఉంది. ఇవాళ నా ప్రసంగం విన్న తరువాత, తెలియదనే వీలు మీకు కొంత తగ్గింది.

విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెట్టుకోవచ్చు కదా అంటారా? ఫైళ్ళు పంచుకోవడానికి డెబియన్ అనే లినక్స్ మీద సాంబా అనే ప్రోగ్రాము చక్కగా పనిచేస్తుంది, కాల్స్ గొడవ లేదు. అయితే ఉచితమని ఆదమరిచి ఉండకూడదు. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8 అనే మరో లినక్స్‌ను 2021 డిసెంబరుతో ముగిస్తామని 2020 డిసెంబరులో ప్రకటించారు. నమ్ముకున్నవారికి మిగిలింది ఒక్క ఏడాదే.

ఇదీ ఆ ఇన్వాయిస్. డీలరు పేరు కనిపించకుండా నల్లసిరా పూశాను. మూడో వరుస చూడండి: "సర్వరు, సాఫ్ట్‌వేరుతో సహా, 1." కోర్లెన్ని, కాల్స్ ఎన్ని, ఏ వెర్షను, ఏమీ లేదు, కింద సంతకం నాదే. ముందు వరుస నుంచి వెనక్కి పంపుతున్నాను. చూశాక దయచేసి తిరిగి ఇచ్చేయండి, మా ఆడిటరు గారు దాన్ని ఇంకా అడుగుతూనే ఉన్నారు.