ఆస్కార్ తొట్టిలో నత్త బతకాలంటే

అందరికీ నమస్కారం. ఇక్కడ ఆస్కార్ చేపలు, వాటి కుటుంబానికే చెందిన ఇతర పెద్ద సిక్లిడ్ చేపలు పెంచేవాళ్లే ఎక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. అద్దం మీద పాచి పట్టిందని ఎవరితో చెప్పుకున్నా వచ్చే సలహా ఒకటే: "నాలుగు నత్తలు వేసేయండి." వేస్తాం. వారం తిరిగేసరికి నాలుగు ఖాళీ గుల్లలు తేలతాయి.

నేనూ అలాగే మొదలుపెట్టాను. పసుపురంగు యాపిల్ నత్తను ఒకదాన్ని తెచ్చి ఆస్కార్ తొట్టిలో వదిలాను. చేప దాన్ని మింగలేదు. ఎదురుగా ఆగి చాలాసేపు చూసింది, అంతే. నత్త కాస్త ధైర్యం చేసి పొడవాటి మీసాలు చాపిందో లేదో, టక్కున ఒకటి కొరికేసింది. కాసేపటికి రెండోదీ పోయింది. ఆ తర్వాత నత్త గుల్ల మూత తీసి బయటికి రాలేదు. బతికుందో లేదో తెలియక మూడు రోజులు అలాగే ఉంచాను. తీసి వాసన చూశాక గానీ చచ్చిందని అర్థం కాలేదు. తొట్టిలో నత్త కుళ్లితే నీళ్లలో అమోనియా పెరుగుతుంది, చేపకూ ముప్పే. కదలని నత్తను బయటికి తీసి వాసన చూడండి, మొహమాటపడకండి.

చేప కన్ను గుల్ల మీద కాదు, కదిలే మీసం మీద ఉంటుంది. అందుకే ఒళ్లు తక్కువ కనిపించే నత్త కావాలి. నా ఓటు నెరైట్ అనే నత్తకి. బోర్లించిన గిన్నెలాంటి గట్టి గుల్ల, అద్దానికి అతుక్కుని పాకే నడక. మనం గోటితో గీకినా రాని ఆకుపచ్చ చుక్కల పాచిని కూడా గీరి తింటుంది. దాని పిల్లలు ఎదగాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి కాబట్టి మంచినీళ్ల తొట్టిలో సంతానం పెరగదు. గుడ్లు మాత్రం పెడుతుంది. గుండుసూది తలంత తెల్లచుక్కలు దుంగల నిండా కనిపిస్తాయి. గీకడం మన పని.

దీనికీ ఒక బలహీనత ఉంది. వెల్లకిలా పడితే మళ్లీ బోర్లా తిరగడం కష్టం. ఆస్కార్ మూతితో పొడిచి ఇసుకలో పడేసిందంటే మెత్తటి పాదం పైకి తేలి విందు సిద్ధమైనట్టే. రోజూ పొద్దున్నే ఒకసారి చూసి, పడిపోయినవాటిని అద్దానికి అంటించండి.

ట్రంపెట్ నత్తలు ఇంకో రకం. పగలంతా ఇసుకలో దూరి, లైట్ ఆర్పాక బయటికొస్తాయి. అవి పాచి కన్నా మిగిలిపోయిన మేతే ఎక్కువ తింటాయి. రాత్రి టార్చ్ వేస్తే వందల్లో కనిపించాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నట్టు లెక్క. ఇక నత్తలను తినే పఫర్ చేపలు, క్లౌన్ లోచ్ చేపలు ఉన్నవాళ్లు ఈ ఆలోచనే మానుకోండి. పఫర్‌కి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అవి అరగడానికి గుల్లలు కొరకాల్సిందే. దానికి నత్త మేతే తప్ప పనివాడు కాదు.

అసలు మన తొట్టెల్లోనే ఇంత పాచి ఎందుకు? మాంసం మేత, పెద్ద చేప, బోలెడు మలం. దాంతో పాచికి ఎరువులాంటి నైట్రేట్, ఫాస్ఫేట్ నీళ్లలో పెరుగుతాయి. పైన లైట్ గంటల తరబడి వెలుగుతుంటుంది. నత్త పాచి తిని మళ్లీ ఆ నీళ్లలోనే విసర్జిస్తుంది. ఆ ఎరువు తొట్టి దాటి ఎక్కడికీ పోదు. బయటికి పంపేది బకెట్ ఒక్కటే. వారానికి పాతిక, ముప్పై శాతం నీళ్లు మార్చి, లైట్ ఆరు నుంచి ఎనిమిది గంటలకు తగ్గించండి. అప్పుడు నత్త పని తేలికవుతుంది. నీళ్లే పచ్చబడితే మాత్రం నత్త చేసేదేమీ లేదు.

చేపకు జబ్బు చేస్తే మందు సీసా మీద రాగి ఉందేమో చదవండి, అది నత్తలను చంపేస్తుంది. గుల్ల కొన తెల్లగా పెచ్చులూడుతుంటే నీళ్లు ఆమ్లంగానో, కాల్షియం తక్కువగానో ఉన్నాయి. కటిల్ బోన్ (కటిల్ ఫిష్ ఒంట్లోని సున్నపు గుల్ల) ముక్క వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

కొత్త నత్తను రాత్రి లైట్ ఆర్పాకే దించండి. చెయ్యి నీళ్లలో పెట్టి, పాదం అద్దానికి ఆనేలా పట్టుకుని, అది పట్టు దొరకబుచ్చుకునేదాకా ఆగండి. పైనుంచి వదిలేయకండి. పైనుంచి పడేదేదైనా ఆస్కార్‌కి మేతే.