‘బొక్క మంచిగుంది అవ్వా’

(హనుమకొండలో సీనియర్ సిటిజన్ల సమావేశంలో ఒక రిటైర్డ్ టెక్నీషియన్ ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పరకాల నుంచి, నర్సంపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అక్కలకు, అన్నలకు, వెనక ఫ్యాను కింద చోటు కోసం జరుగుతున్నవాళ్లకు నమస్కారం. పరిచయంలో నన్ను డాక్టర్ గారు అన్నారు. నేను డాక్టర్ను కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఎక్స్‌రే గదిలో, తర్వాత సీటీ గదిలో పనిచేసిన టెక్నీషియన్ను. బొమ్మ తీయడం నా పని, చదవడం డాక్టర్ పని. ఈ తేడా మరచిపోయి ఒకసారి నేను నోరు జారాను. ఆ సంగతి తర్వాత.

తుంటి సీటీ స్కాన్ గురించి చెప్పమన్నారు. సీటీ అంటే ఎక్స్‌రే కిరణాలతోనే లోపలి భాగాన్ని ముక్కముక్కలుగా బొమ్మ తీసే మిషన్. ముందు ఒక మాట అడుగుతాను. తుంటి ఎక్కడుంది? చూశారా, అందరూ పిర్ర మీద చెయ్యి పెట్టారు! తుంటి కీలు గజ్జల దగ్గర, లోతున ఉంటుంది. గిన్నెలో బంతి పెట్టినట్టు ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే నొప్పి గజ్జల్లో రావచ్చు, తొడలో రావచ్చు, ఒక్కోసారి మోకాలికీ దిగుతుంది. మోకాలికి జండూబామ్ రాసుకుంటూ నెలలు గడిపినవాళ్లను చూశాను. అందుకే డాక్టర్ దగ్గర ‘తుంటి నొప్పి’ అని ఊరుకోకుండా వేలు పెట్టి చూపించండి.

స్కాన్‌కు ముందు, స్కాన్‌లో, తర్వాత అని మూడు భాగాలు రాసుకొచ్చాను. ముందు సంగతి. నడుము దగ్గర లోహం ఉండొద్దు. బెల్టు, చిల్లర, సెల్‌ఫోన్, లంగా హుక్కు, పిన్నీసు అన్నీ తీయాలి. అన్నిటికంటే పెద్ద పేచీ మొలతాడుతోనే. వెండి మొలతాడు సరిగ్గా తుంటి మీదే ఉంటుంది. బొమ్మలో దాని చుట్టూ తెల్లటి చారలు పడి ఎముకను కప్పేస్తాయి. ఒక పెద్దమనిషి ‘అది తీస్తే ఆయుష్షు పోతది’ అని గంటసేపు బెంచీ దిగలేదు. చివరికి ఆయన భార్యే మొలతాడు విప్పి, తన చేతికి చుట్టుకుని, ‘నీ ఆయుష్షు నా దగ్గరుంది, పో లోపలికి’ అంది. పోయాడు! అయిదు నిమిషాల్లో బయటికొచ్చి మొదట అడిగింది మొలతాడే.

అవును, అయిదు నిమిషాలే. చాలామంది అదొక సొరంగం అనుకుని భయపడతారు. సీటీ మిషన్ పెద్ద గారె లాంటిది, మధ్యలో బెజ్జం. బల్ల మీద వెల్లకిలా పడుకుంటే అది మెల్లగా జరుగుతుంది. పాదాలు కదలకుండా టేపు వేస్తాం. గది చల్లగా ఉంటుంది. నొప్పేమీ ఉండదు, కదలకుండా ఉంటే చాలు. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు చేసిన మిషన్‌తో మొదటి రోగి తల స్కాన్ తీసినప్పుడు ఒక్కో ముక్క బొమ్మకు కొన్ని నిమిషాలు పట్టేది. ఇప్పుడు తుంటి మొత్తానికి కొన్ని సెకన్లే.

ఇక స్కాన్ ఎందుకు తీస్తారంటే... కాగితం పక్కన పెడుతున్నాను. ఇది కాగితంలో లేదు.

ఇరవై ఏళ్ల కిందట మా అవ్వ తెల్లారుజామున వాకిట్లో సాన్పు చల్లుతూ జారిపడింది. అవ్వ అంటే మా అమ్మ. గోడ పట్టుకుని నడిచింది. నేను పనిచేసేచోటికే తీసుకొచ్చి ఎక్స్‌రే తీశాను. తడి ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాను. చిట్లిన గీత లేదు. ఆ రోజు డాక్టర్ లేడు. ‘బొక్క మంచిగుంది అవ్వా, ఇంటికి పోదాం’ అన్నాను. కొడుకు ఎక్స్‌రే గదిలో ఉన్నాడని ఆమెకెంత గొప్పో! నమ్మింది. నొస్తుందా అని అడిగితే ‘జర’ అనేది. రోజూ ‘జర’. తొమ్మిది రోజులు ఆ కాలు మీదే నీళ్లు మోసింది. పదో రోజు మంచం మీద నుంచి లేస్తూ కూలబడింది. పోయి చూస్తే కాలు పొట్టయింది, పాదం బయటికి తిరిగిపోయింది.

తుంటి కీలులో తొడ ఎముక బంతి కింద మెడ లాంటి భాగం ఉంటుంది. అది సన్నగా చిట్లి, ముక్కలు జరగకుండా ఒకదాంట్లో ఒకటి గుచ్చుకుంటే మనిషి నడుస్తాడు కూడా. ఎక్స్‌రేలో కొన్నిసార్లు కనబడదు. సీటీ ఎముకను సన్నటి ముక్కలుగా కోసినట్టు చూపిస్తుంది కాబట్టి అలాంటి పగులు చాలావరకు దొరుకుతుంది. అయస్కాంతంతో బొమ్మ తీసే ఎంఆర్‌ఐలో ఇంకా బాగా తెలుస్తుంది. గుండె లయ తప్పకుండా పెట్టే పేస్‌మేకర్ ఉందనో, ఎంఆర్‌ఐ అందుబాటులో లేదనో సీటీకి పంపుతారు. మొదటి రోజే తెలిసి ఉంటే మా అవ్వకు స్క్రూలతో సరిపోయేదేమో. ముక్కలు జరిగాక బంతి తీసి లోహపు బంతి వేశారు.

అమ్మలారా, కోడళ్లారా, ముఖ్యంగా కొడుకులారా! ముసలివాళ్లు పడ్డాక కాలు మోపలేకపోయినా, మోపితే గజ్జల్లో నొస్తుందన్నా, ‘ఎక్స్‌రే నార్మల్’ అన్న మాటతో ఇంటికి రాకండి. ‘నొప్పి తగ్గలేదు సార్, ఇంకేమన్నా స్కాన్ కావాలా’ అని అడగండి. అడిగితే ఏ డాక్టరూ కొట్టడు. నాటు కట్టు కట్టించి నడిపించకండి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మిగిలింది గబగబా చెప్తాను. ఎముక కోసమైతే సాధారణంగా ఇంజెక్షన్ అక్కర్లేదు. గడ్డ, చీము లాంటి అనుమానముంటే అయోడిన్ మందు ఎక్కిస్తారు. అప్పుడు ఒళ్లంతా వెచ్చగా అవుతుంది, పాస్ పోసుకున్నట్టు అనిపిస్తుంది, పోసుకోరు. కిడ్నీ సమస్య, పాత అలర్జీ, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ముందే చెప్పాలి. గర్భం ఉందేమోనని అడిగితే కోపం తెచ్చుకోవద్దు, కిరణాలు పడేది కడుపు దగ్గరే. రేడియేషన్ ఎంతంటారా? నేల నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత అది) ఎలాగూ మనకు తగులుతాయి. ఈ స్కాన్‌లో సుమారుగా రెండు మూడేళ్లది ఒక్కసారి తగులుతుంది. ఒంట్లో ఏమీ మిగలదు. అవసరమైతే భయపడొద్దు, డాక్టర్ చెప్పకుండా ‘ఓసారి తీయండి’ అని మీరే రావద్దు. పాత స్కాన్ సీడీ, ఫిల్ములు దాచుకుంటే మళ్లీ తీయాల్సిన పని తప్పొచ్చు.

సీటీకీ చేతకానివి ఉన్నాయి. బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు మొదట్లో ఎంఆర్‌ఐలోనే బాగా తెలుస్తుంది. ఆదిలాబాద్ గూడేల్లో సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్న పిల్లలకు, ఏళ్లతరబడి స్టెరాయిడ్లు మింగినవాళ్లకు, మద్యం బాగా తాగేవాళ్లకు అది రావొచ్చు.

భోజనాలు సిద్ధమన్నారు. మా అవ్వ మొదటి ఎక్స్‌రే ఫిల్ము తెచ్చాను, ఈ సంచిలో ఉంది. తిన్నాక కిటికీ దగ్గరికి రండి, వెలుతురుకు పెట్టి చూపిస్తాను. గీత ఎక్కడుందో వెతకండి. నాకు ఇప్పటికీ కనబడదు.