"అర్థమైందా?" అని అడగడం మానేశాను

"వినబడుతోందా అండీ? స్క్రీన్ కనబడుతోందా? అందరూ వచ్చారా?"

జూమ్‌లో క్లాసు చెప్పేవాళ్లందరికీ ఈ మూడు ప్రశ్నలూ కంఠతా వచ్చు. నాలుగోది క్లాసు మధ్యలో వస్తుంది. "అర్థమైందా?" దానికి జవాబు రాదు. మరీ మొహమాటస్తులు ఎవరైనా ఉంటే "యస్ సార్" అని చాట్‌లో పెడతారు. అదే పదివేలనుకుని మనం తర్వాతి స్లైడుకి వెళ్లిపోతాం.

నమస్తే అండీ. దుకాణాల్లో లెక్కలు రాసేవాళ్లకి, సొంతంగా చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లకి రాత్రి ఎనిమిదింటికి ఆన్‌లైన్‌లో ఎక్సెల్, జీఎస్టీ చెబుతుంటాను. మొదట్లో నా క్లాసంటే అరవై స్లైడ్లు, గంటన్నర సేపు నా గొంతు, అవతల నల్లటి డబ్బాలు. ఓ రోజు నా మైక్ ఆగిపోయింది. పది నిమిషాల దాకా ఒక్కరూ చెప్పలేదు. పాపం, మర్యాద కొద్దీ ఊరుకున్నారేమో అనుకున్నాను. మర్యాదా కాదు, పాడూ కాదు. ఎవరూ వినడం లేదు.

వాళ్లనేం అనగలం? పొద్దుటి నుంచి కౌంటర్ దగ్గర నిలబడిన మనిషి, ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి అన్నం తింటూ కూర్చున్నాడు. గంటన్నరలో నేను అతనికి చేయడానికి ఒక్క పనీ ఇవ్వలేదు.

ఇప్పుడు క్లాసు ఇలా మొదలవుతుంది. "1180 రూపాయల బిల్లు. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. పన్ను ఎంత? చాట్‌లో టైప్ చేయండి, పంపకండి. నేను చెప్పాక అందరూ ఒకేసారి పంపాలి."

ఆ "పంపకండి" అన్న మాట ముఖ్యం. ఒకరు ముందు పెట్టేస్తే మిగతావాళ్లు అదే పెడతారు, లేదా ఎలాగూ వచ్చేసిందిగా అని ఊరుకుంటారు. "ఊఁ, పంపండి" అనగానే చాట్ నిండిపోతుంది. కొందరిది 180. కొందరిది 212 రూపాయల 40 పైసలు. ఈ రెండోవాళ్లు మొత్తం 1180 మీదే 18 శాతం కట్టారు. సరుకు ధర 1000, దాని మీద పన్ను 180. అంటే 1180ని 18తో గుణించి 118తో భాగించాలి.

ఆ మాట నేను చెప్పను. 180 పెట్టినవాళ్లలో ఒకరిని మైక్ ఆన్ చేసి మిగతావాళ్లకి చెప్పమంటాను. అక్కడి నుంచి చూడాలి! "మా షాపులో ఇలా కాదండీ" అని ఒకరు, "మా ఓనర్ ఒప్పుకోరండీ" అని ఇంకొకరు. పెద్దవాళ్లు ఖాళీ పలకతో రారు, ఏళ్ల అనుభవంతో వస్తారు, నేర్చుకున్నది రేపే పనికిరావాలంటారు. అమెరికాలో పెద్దల చదువు గురించి మాల్కమ్ నోల్స్ ఎప్పుడో చెప్పిన మాట ఇది. నాకు మాత్రం 212 దగ్గర తెలిసొచ్చింది.

అడిగాక ఆగడం ఇంకో కష్టం. 1970లలో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసు గదుల్లో గమనించింది, టీచర్లు ప్రశ్న అడిగి సుమారు ఒక్క సెకను ఆగుతున్నారట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, మాట్లాడేవాళ్లు పెరిగారు. ఎదురుగా ఉన్న పిల్లలకే మూడు సెకన్లు కావాలంటే, కంచం పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, మ్యూట్ తీయాల్సిన మనిషి సంగతేంటి? అందుకే పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టుకుంటాను. ప్రశ్న అడగ్గానే నెమ్మదిగా తాగుతాను. నోరు మూసుకోవడానికి నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

కెమెరాలు ఆన్ చేయమని పట్టుబట్టకండి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ 2021లో ఈ వీడియో కాల్స్ అలసట గురించి రాస్తూ, అదేపనిగా మన మొహం మనమే చూసుకోవడం కూడా ఒక కారణమన్నారు. పైగా వంటింట్లోంచి చేరిన ఆవిడకి, రోజుకింత అని డేటా ప్యాక్ వేసుకున్న కుర్రాడికి అది శిక్షే. మాట్లాడేటప్పుడు ఆన్ చేస్తే చాలు.

మనిషి సాయం ఉంటే ఇంకా మంచిది. బుర్రకథలో కథకుడికి అటొకరూ ఇటొకరూ వంతలుంటారు కదా, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. హాస్యం చెప్పే వంత కథకుడిని ఆపి మరీ తిక్క ప్రశ్న వేస్తాడు. జనం మనసులో ఉన్నది చాలాసార్లు ఆ ప్రశ్నే. నేను పాత బ్యాచ్‌లో చదివిన ఒకమ్మాయిని అలా పెట్టుకున్నాను. చాట్ చూసే పని ఆమెది. "ఆగండి సార్, ఇది ముగ్గురికి అర్థం కాలేదు" అంటుంది. మొదట్లో నాకు కోపం వచ్చేది కూడా.

బ్రేకౌట్ రూములా, అంటే జూమ్‌లో క్లాసుని చిన్న గుంపులుగా విడగొట్టే గదులా? చేతిలో ఒక తప్పుల షీటు పెట్టి, ముగ్గురేసి చొప్పున, ఆరు నిమిషాలు పంపితే బాగుంటాయి. "చర్చించుకోండి" అని ఊరికే పంపితే ముగ్గురూ మ్యూట్‌లో కూర్చుంటారు. పోల్స్ పర్లేదు. పాటలు పెట్టి ఆటలాడించడం నావల్ల కాదు.

చివరి పావుగంట వాళ్లది. ఎవరి దుకాణం బిల్లు వాళ్లు తీసి అదే లెక్క వేసుకుంటారు. మొన్నో రోజు ఒకావిడ "అయ్యో, మేం ఏడాదిగా 212 లెక్కే రాస్తున్నామండీ" అంది. ఎక్కడెక్కడ దిద్దుకోవాలో చెప్పడానికి నలుగురు ఒకేసారి మ్యూట్ తీశారు. తొమ్మిదిన్నర దాటిపోయింది. నేను మైక్ ఆపేసి వింటూ కూర్చున్నాను.